వేబా చేసిన చెయ్యి

బుధవారం మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఎలిసియో సర్ సైన్సు గది తలుపు మీద ఒక కాగితం అంటించారు. శనివారం ఇలోయిలో పట్నంలో జరిగే రోబో పోటీకి బడి తరఫున వెళ్ళే ఇద్దరి పేర్లు అందులో ఉన్నాయి. మొదటి పేరు రోవెల్. రెండోది ఫ్రాన్సెస్కా.

వేబా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. రిజిస్టరులో ఆమె పేరు హెనోవేబా. చనిపోయిన నాయనమ్మ పేరు. అంత పొడుగు పేరు వరసలో పట్టక అడుగున ఎక్కడైనా రాశారేమోనని కిందికి చూసింది. అడుగున ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం ఉంది, దాని కింద తారీఖు ఉంది, అంతే.

పక్కన రోవెల్ చెప్పులకాలితో నేలని రాస్తూ నిలబడ్డాడు. రోబోని నడిపించే ప్రోగ్రామ్ రాసింది వాడే. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఒకే బెంచీ మీద పనిచేస్తున్నారు.

"నేను సర్‌తో చెప్పాను. ఒట్టు," అన్నాడు.

"ఏమని?"

"రోబో చెయ్యి చేసింది నువ్వని."

"ఆయనకి తెలీదా ఏంటి?"

వేబా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఎలిసియో సర్ బల్ల దగ్గర కూర్చుని వేయించిన చేపలోంచి ముల్లు తీస్తున్నారు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది.

"కూర్చో, ఇందాయ్," అన్నారు. ఆడపిల్లల్ని ముద్దుగా పిలిచే ఆ మాట ఆయన నోట ఎప్పుడో గాని రాదు. అది వినగానే వేబాకి ఇంక మార్చేది ఏమీ లేదని అర్థమైపోయింది.

"జిల్లా పోటీలో ఏమైందో చూశావుగా," అన్నారు సర్, ముల్లు వైపే చూస్తూ. "ఆ జడ్జీ ఇంగ్లీషులో అడిగాడు. నువ్వు నోరు తెరిచి నిలబడ్డావు. పాపం, చేసి చూపించావు, కాదనను. కానీ మాటకి ముప్పై మార్కులమ్మా. ముప్పైలో నీకొచ్చినవి ఆరు."

"ఈసారి బట్టీ పట్టి వెళ్తాను సర్."

"బట్టీ పట్టింది ఒకటుంటే వాళ్ళు అడిగేది ఇంకోటి. ఫ్రాన్సెస్కా మనీలాలో చదివొచ్చింది. గలగలా మాట్లాడుతుంది. ఎనిమిదేళ్ళుగా పిల్లల్ని తీసుకెళ్తున్నాను నేను. ఒక్కసారి కూడా ఇలోయిలో దాటి మనీలా పోటీకి వెళ్ళలేదు." అప్పటికి తలెత్తారు. "నీ సాయం కావాలి. ఆ చెయ్యి బిగించడం, సరిచెయ్యడం ఆ అమ్మాయికి నేర్పాలి. అక్కడ రోబోని ముక్కలుగా తీసుకెళ్ళి వాళ్ళ ముందే బిగించాలి కదా. కోచ్‌ని లోపలికి రానివ్వరు."

వేబా తలాడించింది.

"ఇంకోటి. రేపు, ఎల్లుండి నాకు పోటీ పనులు, శనివారం ఊళ్ళోనే ఉండను కాబట్టి ఏడో తరగతి సైన్సు క్లబ్బు పిల్లలకి దిక్కు లేదు. ఈ మూడు రోజులూ వాళ్ళని నువ్వు చూసుకో. ఏదో ఒకటి చేయించు. బజర్లు, బ్యాటరీలు ఆ డబ్బాలో ఉన్నాయి."

"సరే సర్," అంది వేబా. బయటికొచ్చి, తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవకుండానే సంచిలో పెట్టేసుకుంది.

సాయంత్రం ఫ్రాన్సెస్కా వచ్చింది. బెంచీ మీద పాత ఫ్లెక్సీని తిరగేసి పరిచి, దాని మీద నల్ల టేపుతో దారి గీసి ఉంది. ఆ దారి వెంట రోబో వెళ్ళాలి, రంగు దిమ్మెల్ని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి, ఏ రంగు దిమ్మెని ఆ రంగు గడిలో దించాలి. పట్టుకునే చెయ్యి రెండు వేళ్ళది. ఆ వేళ్ళ కొసలకి నీలం రంగు రబ్బరు ముక్కలు అతికించి ఉన్నాయి.

"ఇదేంటి?" అంది ఫ్రాన్సెస్కా.

"చెప్పు ముక్క. మా పెద్దమ్మ చెప్పు, తెగిపోయింది. ప్లాస్టిక్ వేళ్ళకి దిమ్మె జారిపోతుంది. బట్ట చుట్టి చూశాను, స్పాంజి పెట్టి చూశాను. ఇది జారదు."

"మరి ఈ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలి?"

"చుట్లు లెక్కపెట్టకు. విను." వేబా ఆమె చేతిని తీసి మోటారు మీద పెట్టింది. వేళ్ళు దిమ్మెని బిగించాయి. మోటారు సన్నగా మూలిగింది. "ఇలా మూలిగిందంటే ఎక్కువ బిగించినట్టు. కాసేపటికి వేడెక్కి ఆగిపోతుంది. పావు చుట్టు వదులు చెయ్యి. ఊఁ. ఇంకొంచెం. ఇప్పుడు చూడు."

ఈసారి చప్పుడు లేదు. దిమ్మె గాల్లోకి లేచి అలాగే నిలబడింది.

ఫ్రాన్సెస్కా స్క్రూని వదిలేసి మళ్ళీ మొదటినుంచి చేసింది. ఆరుసార్లు చేసింది. అయిదుసార్లు దిమ్మె పడిపోయింది. ఆమె గోళ్ళకి లేత గులాబీ రంగు ఉంది. బొటనవేలి గోరు మీద రంగు అప్పుడే ఒలిచినట్టు పోయింది. వేబా ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. మధ్యమధ్యలో తన వేళ్ళు వాటంతటవే కదులుతుంటే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

గురువారం ఏడో తరగతి పిల్లలు తొమ్మిదిమంది వచ్చారు. ఏం చేద్దామని వేబా అడిగితే అందరూ ఒక్క గొంతుతో రోబో అన్నారు.

"రోబోకి ఎల్లుండి ప్రయాణం ఉంది," అంది వేబా. "మన దగ్గర బట్టల క్లిప్పులున్నాయి."

"క్లిప్పుతో ఏం చేస్తాం మనాంగ్?" అని మూతి తిప్పింది లుదీ. పెద్దపిల్లల్ని మనాంగ్ అనే పిలుస్తారు వాళ్ళు. లుదీకి ప్రశ్నలు ఎక్కువ. దాని పక్కనే కూర్చునే ఒడెట్‌కి జలుబు ఎక్కువ, మాట తక్కువ.

అప్పటికప్పుడు వేబాకి తట్టింది వాన గంట. ఆమె ఉండేది సెపా పెద్దమ్మ ఇంట్లో. సముద్రపు ఒడ్డున ఆరు వెదురు పందిళ్ళ మీద పెద్దమ్మ చేపలు ఎండేస్తుంది. ఎండ కాస్తుండగానే కొండ వైపు నుంచి వాన దూకుతుంది. లోపల ఉప్పునీళ్ళ తొట్టి దగ్గర చేపలు కడిగే ఆడవాళ్ళకి అది తెలిసేసరికి పైనున్న సరుకంతా తడిసిపోయి ఉంటుంది. తడిసిన చేపకి మర్నాటికి పురుగు పడుతుంది.

క్లిప్పు రెండు దవడలకీ రాగి తీగ చుట్టించింది వేబా. దవడల మధ్య బెల్లం ముక్క ఇరికించారు. వాన చినుకు పడితే బెల్లం కరుగుతుంది, దవడలు మూసుకుంటాయి, తీగలు తగులుతాయి, బజర్ మోగుతుంది. క్లాసులో మగ్గుతో నీళ్ళు పోస్తే నిజంగానే మోగింది. పిల్లలు బెంచీలు గుద్దారు.

బడి వదలగానే తొమ్మిదిమందీ వేబా వెంట పందిళ్ళ దగ్గరికి వెళ్ళి, చివరి గుంజకి దాన్ని కట్టి, కాపలా కూర్చున్నారు. ముప్పావుగంట తర్వాత బజర్ కెవ్వుమంది. సెపా పెద్దమ్మ, నలుగురు ఆడవాళ్ళు తడిచేతులతో పరుగెత్తుకొచ్చి, తట్టల్లోకి చేపలు ఎత్తి, పట్టాలు కప్పి, ఆయాసపడుతూ ఆకాశం చూశారు. ఎండ చుర్రుమంటోంది.

లుదీ గుంజ దగ్గరికెళ్ళి చూసింది. "మనాంగ్, చీమలు!"

బెల్లం ముక్క మీద ఎర్రచీమలు దట్టంగా ముసిరి ఉన్నాయి. ఉప్పుగాలికి ముక్క చెమ్మగిల్లి సగమైపోయింది.

"ఏమే, మీ గంటకి వానకంటే ముందు చీమలు కుట్టాయా?" అని పెద్దమ్మ నడుం మీద చేతులు వేసుకుంది. "దీనికన్నా నా మోకాలు నయం. రేపు వానంటే ఇవాళే సలుపుతుంది. దానికి బ్యాటరీ కూడా అక్కర్లేదు."

ఆడవాళ్ళు నవ్వుతూ చేపల్ని మళ్ళీ పరవడానికి వంగారు. పిల్లలు కూడా వంగి పరిచారు. ఒడెట్ చేపల్ని ఒక్కొక్కటిగా తలలన్నీ ఒకే వైపు ఉండేలా పెట్టుకుంటూ పోయింది. ఆ రోజు మళ్ళీ చెయ్యి నేర్పడానికి వేబా బడికి వెనక్కి వెళ్ళేసరికి చేతులు చేపల కంపు. ఫ్రాన్సెస్కా పక్కకి జరిగి చోటిచ్చి స్క్రూ అందుకుంది. ఆ సాయంత్రం పదిసార్లకి ఏడుసార్లు దిమ్మె నిలబడింది.

శుక్రవారం పిల్లలు ఉప్పుగళ్ళు పెట్టి చూశారు. అవీ చెమ్మగిల్లాయి. జ్వరం బిళ్ళ పెట్టి చూశారు. అది కరిగేసరికి వాన వెలిసిపోయేట్టుంది. ఏం చెయ్యాలో వేబాకీ తెలియలేదు. తెలియదని వాళ్ళతో అనేసింది. ఎలిసియో సర్ ఎప్పుడూ అలా అనరు. అందుకని పిల్లలు ఆమె ముఖం వైపు కొత్తగా చూశారు.

అప్పుడు ఒడెట్ ముక్కు చీదింది. చేతిలో ఉన్న పల్చటి కాగితపు రుమాలు తడిసి రెండు ముక్కలైంది. ఆ పిల్ల చిరిగిన ముక్కల్ని చూసింది, క్లిప్పుని చూసింది, మళ్ళీ ముక్కల్ని చూసింది.

"మనాంగ్," అంది చాలా చిన్నగా. "ఇది పొడిగా ఉన్నప్పుడు లాగితే తెగదు."

"ఛీ, చీమిడి!" అంది లుదీ.

"ఆగు," అంది వేబా. "మళ్ళీ చెప్పు ఒడెట్."

మళ్ళీ చెప్పడానికి మాటలు సరిపోక ఒడెట్ కొత్త రుమాలు తీసి సన్నగా చింపింది. తాడులా పురి పెట్టి, క్లిప్పు వెనక రెండు కొసల్నీ నొక్కిపట్టి ఆ కాగితపు తాడుతో కట్టేసింది. ముందు దవడలు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి. ఒక్క చుక్క నీళ్ళు వేసింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు తాడు తెగింది. క్లిప్పు టక్కున మూసుకుంది. బజర్ మోగింది. చీమకి అందులో తినడానికి ఏమీ లేదు.

ఒడెట్ నవ్వలేదు. ఉలిక్కిపడినట్టు చూసింది. కొన్ని నెలల కిందట చెప్పు ముక్క అతికించిన రోజు, దిమ్మె మొదటిసారి జారకుండా లేచినప్పుడు, తన ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుందా అనుకుంది వేబా. ఆ రోజు అది చూడటానికి గదిలో ఎవరూ లేరు.

వెనక గుమ్మంలో ఎలిసియో సర్ నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. వేబాని బయటికి పిలిచారు.

"వ్యాన్‌లో ఒక సీటు ఖాళీగా ఉంది. నువ్వూ రా," అన్నారు. "నేను మేడమ్‌తో మాట్లాడాను. ముక్కలన్నీ వరసగా సర్ది ఇద్దువుగాని. మధ్యలో విరామం ఇస్తారు, ఏదైనా పాడైతే బయటికి తెస్తారు. అప్పుడు నువ్వు పక్కనుంటే వాళ్ళకి ధైర్యం."

వేబా ఒక అడుగు ముందుకి వేసింది. "లోపలికి సర్?"

"లోపలికి పేరున్నవాళ్ళనే పంపుతారు."

"గుమ్మంలోంచి కనిపిస్తుందా?"

"తలుపులు మూసేస్తారమ్మా. ఏసీ కదా," అన్నారు.

రెండు రోజుల కిందటైతే ఆ వ్యాన్ టాపు మీద కూర్చునైనా వెళ్ళేది. ఇప్పుడూ వెళ్ళాలనే ఉంది. ఆ హాలు బయటి మెట్లయినా చూడాలని ఉంది. ఎక్కడెక్కడి బళ్ళ పిల్లలో తెచ్చిన రోబోలు పెట్టెల్లోంచి బయటికి తీస్తుంటే పక్కన నిలబడి చూడాలని ఉంది. లోపల పిల్లలు ఆ గంటని ఎవరింటికి తీసుకెళ్ళాలా అని పోట్లాడుకుంటున్నారు. లుదీ గొంతు అన్నింటికంటే పైన వినిపిస్తోంది.

"రేపు ఏడింటికి వీళ్ళొస్తారు సర్. పందిళ్ళ దగ్గరికి నేనే రమ్మన్నాను."

"ఇంకో రోజు రమ్మనొచ్చుగా."

"చూసుకోమని మీరే చెప్పారు కదా సర్."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకోవాలనిపించింది. ఆయన ఇంకోసారి అడిగితే ఒప్పుకునేదే. ఆయన అడగలేదు. జేబులో స్క్రూడ్రైవరు సరిచేసుకుని, "సరే," అని వెళ్ళిపోయారు.

సాయంత్రం ముక్కలన్నీ పెట్టెలో సర్దుతుంటే ఫ్రాన్సెస్కా అడిగింది. "నా మీద కోపంగా ఉందా?"

"ఉంది."

"మరి అంతా నేర్పావుగా. ఏదీ దాచుకోలేదు."

"చెయ్యి మీద నాకు కోపం లేదు," అంది వేబా.

శనివారం పొద్దున్న ఆరింటికి బడి వ్యాన్ సముద్రపు రోడ్డు మీదుగా వెళ్ళింది. వేబా ఉప్పునీళ్ళ తొట్టి దగ్గర నిలబడి, వంపు తిరిగేదాకా చూసింది. రోవెల్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఊపాడు. ఆమె చేతినిండా చేపలు.

పిల్లలు ఏడు కాకముందే వచ్చేశారు. ఈసారి గంటని ఇంటి వైపు కాకుండా కొండ వైపు, పందిళ్ళన్నింటికంటే దూరంగా ఒక వెదురు గడ నాటి దానికి కట్టారు. వాన వచ్చేది అటునుంచే. అక్కడినుంచి తీగ లాగి బజర్‌ని తొట్టి పక్కన పెట్టారు. ఆ తీగ చాలక మూడుచోట్ల అతుకు వేశారు. అతుకు వేసేటప్పుడు తీగల్ని ఎలా మెలిపెట్టాలో వేబా ఒక్కసారి చూపించి చేతులు వెనక్కి కట్టుకుంది. వాళ్ళు తప్పుగా మెలిపెట్టారు, విప్పారు, మళ్ళీ మెలిపెట్టారు. నేర్పడమంటే చేతులు వెనక్కి కట్టుకోవడమేనని ఈ మూడు రోజుల్లో ఆమెకి తెలిసింది. తెలిసినా వేళ్ళు ఊరుకోవు.

పదయింది. ఇప్పుడు పెట్టె తెరుస్తుంటారు. ముందు చక్రాలు, తర్వాత మోటారు, చివర్న చెయ్యి. పదింబావు. ఇప్పుడు ఫ్రాన్సెస్కా స్క్రూ మీద వేలు పెట్టి వింటూ ఉంటుంది. అంత పెద్ద హాల్లో అంతమంది మధ్య ఆ సన్నటి మూలుగు వినపడుతుందా? ఆ సంగతి తనకి ముందు తట్టలేదు. వినపడకపోతే వేలితో తాకి చూడమని చెప్పాల్సింది. వేబా కూర్చున్నచోటు నుంచి లేచింది. రోడ్డు వైపు నాలుగడుగులు వేసి ఆగింది. ఇలోయిలో పట్నం అక్కడినుంచి రెండున్నర గంటల దారి.

పదకొండు దాటాక బజర్ మోగింది.

పందిళ్ళ మీద ఎండ అలాగే ఉంది. పెద్దమ్మ తొట్టి దగ్గర్నుంచి లేవకుండానే, "మళ్ళీ చీమలా?" అంది. ఒడెట్ అప్పటికే పరుగెత్తుతోంది. "చీమలు కాదు! చీమలు కాదు!" అని అరుస్తోంది. ఆ పిల్ల అరవగా ఎవరూ వినలేదు అంతకుముందు. వేబా తట్ట తీసుకుని పరుగెత్తింది. లుదీ పట్టా లాగింది. అప్పుడు లేచారు ఆడవాళ్ళు. ఆరో పందిరి మీద పట్టా కప్పి రాళ్ళు పెడుతుండగా కొండ కనిపించకుండా పోయింది. మరుక్షణం కుండపోత. అంతా చూరు కిందికి దూరారు. ఒక్క చేప తడవలేదు.

ఆ ఇరుకులో పదిహేనుమంది, చేపల కంపు, తడి జుట్టు. ఒడెట్ విప్పి తెచ్చిన తడి క్లిప్పుని పెద్దమ్మ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "దీనికెలా తెలిసిందే?"

వేబా చెప్పింది. బ్యాటరీలోంచి బయల్దేరిన విద్యుత్తు దారి ఎక్కడ తెగితే అక్కడ ఎలా ఆగిపోతుందో, ఆ తెగిన చోటుని కలిపే పని క్లిప్పుకి ఎందుకిచ్చారో, పొడి కాగితంలో నారలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో, నీళ్ళు పడితే ఆ పట్టు ఎలా సడలిపోతుందో చెప్పింది. పెద్దమ్మ అడ్డొచ్చి అడిగింది. ఇంకో ఆమె అడిగింది. పొద్దున మంచుకి మోగితే ఎలా అని ఒకామె ఇరకాటంలో పెట్టబోయింది. కాగితాన్ని ఇంకో పురి వెయ్యాలి అని వేబా తడుముకోకుండా చెప్పింది. కనిపెట్టింది ఒడెట్ అని కూడా చెప్పింది. ఒడెట్ లుదీ వీపు వెనక దాక్కుంది.

"ఇంత వాగేదానివి, జిల్లా పోటీలో ఏమైందే నీ నోటికి? ఆరు మార్కులట!" అంది పెద్దమ్మ.

"మీరు ఇంగ్లీషులో అడగలేదుగా పెద్దమ్మా."

అందరూ పగలబడి నవ్వారు. వేబా కూడా నవ్వింది. నవ్వుతూనే బయట వాన వైపు తిరిగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎలిసియో సర్ పందిళ్ళ దగ్గరికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా. జేబులో స్క్రూడ్రైవరు లేదు. పెద్దమ్మ స్టూలు వేసి కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. వేబా చేపలు తిరగేస్తోంది. ఆపలేదు.

"అయిదో స్థానం," అన్నారు సర్. "మొదటి నాలుగు బళ్ళే మనీలా పోటీకి వెళ్తాయి."

"చెయ్యి?"

"ఒక్క దిమ్మెని జారవిడవలేదు. చక్రం దారి తప్పి టైము పోయింది. రోవెల్ ఏడ్చాడు." ఒక గుటక తాగారు. "మాటకి ముప్పైకి ఇరవై తొమ్మిదిచ్చారు."

వేబా తలాడించింది. ఒక వరస తిరగేసి రెండో వరస మొదలుపెట్టింది.

"లోపల జరిగింది రోవెల్ చెప్పాడు నాకు. వేళ్ళకి ఈ రబ్బరేంటని జడ్జీ అడిగిందట. నెరిసిన జుట్టావిడ. చెప్పు ముక్కని ఫ్రాన్సెస్కా చెప్పింది. ఈ ఆలోచన నీదేనా అంది. కాదంది. మా బళ్ళో హెనోవేబా అనే అమ్మాయిది, ఎనిమిది నెలలు కష్టపడి ఈ చెయ్యి చేసింది తనే, నేను మూడు రోజుల్లో బిగించడం నేర్చుకున్నాను, అంది. ఇంగ్లీషులోనే. ఎక్కడా తడబడకుండా." సర్ కప్పు కింద పెట్టారు. "అయిపోయాక ఆవిడ నన్ను వెతుక్కుంటూ బయటికొచ్చింది. ఆ అమ్మాయి ఎందుకు రాలేదు అని అడిగింది."

వేబా చేతిలో చేప అలాగే ఆగింది.

"మీరేం చెప్పారు సర్?"

"ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషులో పాఠం చెప్తున్నాను నేను." ఆయన సముద్రం వైపు చూశారు. "ఒక్క మాట రాలేదు ఇందాయ్. నోరు తెరిచి నిలబడ్డాను."

పందిళ్ళ మీంచి గాలి వీచింది. వేబా చేపని తిరగేసి పెట్టి, తడిచేతులు గౌనుకి తుడుచుకుని, ఆయన ఎదురుగా ఇసుకలో కూర్చుంది. అడగకూడదనుకుంది. అడిగేసింది.

"హాలు ఎలా ఉంది సర్?"

"చాలా పెద్దది."

"అలా కాదు. మొదటినుంచి చెప్పండి. బల్లలు ఎన్నున్నాయి?"

"ఇరవై రెండు. తెల్లవి."

"కింద పరిచింది ఫ్లెక్సీనా?"

"కాదు. మందంగా, నున్నగా ఉంది. ముడత లేదు. దారి అచ్చు వేసి ఉంది."

"మీరు లోపలికి వెళ్ళలేదుగా. ఎలా చూశారు?"

"అయిపోయాక తలుపులు తీశారు. అందరూ వెళ్ళిపోయేదాకా నిలబడి చూశాను. నువ్వడుగుతావని తెలుసు."

వేబా మోకాళ్ళ మీదికి జరిగింది. "బల్ల ఎంత వెడల్పు సర్?"

ఎలిసియో సర్ స్టూలు మీంచి లేచారు. రెండు చేతులూ చాచారు, చాలవన్నట్టు ఇంకా చాచారు, ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర బిగుసుకునేంతగా. వేబా ఒక చేతి కొస నుంచి రెండో చేతి కొసదాకా మెల్లిగా చూసుకుంటూ వచ్చింది. అంతసేపూ ఆయన చేతులు దించలేదు.

"ఊఁ," అంది వేబా. "మరి లైట్లు?"